పడవ కాపురమునకు అభయమిచ్చు రేవు

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లనగానే మన మనస్సునకు తోచునవి నాలుగు గోడలు, పసుపు పూసిన గడప, వాకిట ముగ్గు, పెరటిలో తులసికోట. ఇవియన్నియు భూమిని ఆధారముగా గొనియున్నవి. భూమి లేని యిల్లు ఉండునా యని మనలో నెవ్వరును విచారింపరు. అయినను లోకమున ననేక కుటుంబములు నీటిపై తేలు పడవలనే గృహములుగా జేసికొని, అందే వండుకొని, అందే పిల్లలను పెంచుకొని, అందే ముసలివారై కాలము గడపుచున్నవి. వారికి గడప పడవయంచు, వాకిలి రేవు. ఆ రేవు రమ్మనినచో వారికొక ఊరు కలదు, పొమ్మనినచో లేదు. అట్టి రేవును గూర్చి సోదరీమణులతో కొన్ని మాటలు చెప్పదలచితిని.

హసన్‌పర్తిలో నుండి పడవలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. సముద్రము మాకు చాల దూరము. మాది చెఱువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు మహాతటాకములు కాకతీయుల కాలమునాటివి. వానియందు చేపలు పట్టు తెప్పలును, వేడుక చూడ వచ్చినవారిని త్రిప్పు పడవలును కలవు గాని, ప్రొద్దు గ్రుంకినంతనే యందరును ఒడ్డు చేరి తమ యిండ్లకు బోవుదురు. నీటిపై కాపురము చేయు కుటుంబమును నేను మా ప్రాంతమున చూచి యెఱుగను.

ఈ విషయము నా తలకెక్కుటకు కారణమొక జాబు. మా యింటివారి యొద్ద చదువుకొని, యిప్పుడు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న యొక చిరంజీవి భార్య దానిని వ్రాసినది. అచ్చట ఇంటియద్దెలు మోయరానివై యున్నవట. పాత పడవ నొకదానిని కొని యందు కాపురముండుదమని పెనిమిటి పట్టుబట్టుచున్నాడట. పడవ దొరకినది గాని, కాపురమునకు ఒప్పుకొను రేవు మాత్రము దొరకుటలేదట. చివర ఆ బిడ్డ యిట్లడిగినది: “అమ్మగారూ, ఇది మర్యాదగల కాపురమేనా? మా అత్తగారికి ఏమని వ్రాయుదును?” ఆమెకు వ్రాసిన సమాధానమునే కొంత విస్తరించి ఇచ్చట వ్రాయుచున్నాను.

మర్యాదను గూర్చి మొదట చెప్పెదను. మన యితిహాసములయందు పడవవారికి తక్కువ స్థానము లేదు. శృంగిబేరపురమున గుహుడు సమకూర్చిన నావలోనే సీతారామలక్ష్మణులు గంగను దాటిరి. రాముడు గుహుని సఖునిగా కౌగిలించుకొనెను. యమునపై పడవ నడపిన దాశరాజు పెంపుడు కూతురు సత్యవతి. ఆమె వేదవ్యాసుని తల్లి, శంతను మహారాజునకు రాణి, ధృతరాష్ట్ర పాండురాజులకు నాయనమ్మ. భారతకథ యంతయు నొక పడవపై మొదలైనదని చెప్పినను తప్పులేదు. ఆ భారతమును 11వ శతాబ్దమున నన్నయభట్టు తెనిగింప మొదలిడినదియు గోదావరి యొడ్డున రాజమహేంద్రవరమునందే. కావున నీటిపై బ్రతుకుట అగౌరవము కాదు. రేవున నిలువ చోటు లేకుండుటయే కష్టము.

మోటుపల్లి శాసనము

పడవలకు అభయమిచ్చిన రేవు ఏదియని వెదకుటకు దూరదేశములకు బోనక్కఱలేదు. మా ఓరుగంటి యేలికయే మార్గము చూపియున్నాడు. 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలిన కాకతి గణపతిదేవుడు తూర్పుతీరమును వశపఱచుకొనిన పిమ్మట, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవునందు 1244–45లో నొక శాసనమును చెక్కించెను. చరిత్రకారులు దానిని అభయశాసనమందురు. గాలివానకు చిక్కి త్రోవదప్పి తీరమున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును పూర్వపు రాజులు బలిమిచే లాగికొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చువారియెడల దయతో తానట్లు చేయక, నిర్ణయింపబడిన సుంకమును మాత్రమే గ్రహింతునని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొక వంతు. కొన్ని దశాబ్దముల పిమ్మట వెనిసు నగరపు యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథమున ముత్‌ఫిలి యని వర్ణించినది యీ మోటుపల్లినేయని పండితుల యభిప్రాయము.

శాసనము వర్తకుల కొఱకు పుట్టినదే గాని పడవకాపురముల కొఱకు కాదు. అయినను అందు మూడు సంగతులు గమనింపదగినవి. ఆపదలో వచ్చినవానిని దోచుకొనరాదనుట మొదటిది. రేవునకు చెల్లింపవలసినది ఇంతయని ముందుగనే తెలియజేయుట రెండవది. ఆ మాటను నోటితో విడువక రాతిపై చెక్కించుట మూడవది. అధికారి మాఱినను, అధికారి మనస్సు మాఱినను, వ్రాసిన మాట మాఱదు. ఏ కాలమునందైనను, ఏ దేశమునందైనను, మంచి రేవునకు ఈ మూడే లక్షణములని నాకు తోచుచున్నది. ఇక ముందు చెప్పబోవు రేవులనన్నిటిని ఈ గీటురాతిపైననే గీచి చూతము.

కాలువల కాలము

తెలుగుదేశమున పడవ బ్రతుకు బాగుగా సాగిన కాలమొకటి కలదు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలిడి 1852లో ముగించెను. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆ రెండు నదులనుండి త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక, పడవలు నడచుటకును ఏర్పడినవి. దక్షిణమున మద్రాసు పట్టణమునుండి వచ్చు ఉప్పుకాలువ 1877–78 నాటి ఘోరక్షామమున కఱవు పనుల క్రింద పొడిగింపబడి, అప్పటి గవర్నరు పేర బకింగుహాము కాలువ యైనది. కాకినాడలో బయలుదేఱిన పడవ ధవళేశ్వరము చేరి, గోదావరి దాటి, ఏలూరు కాలువ వెంబడి బెజవాడ వచ్చి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో బడి, పెదగంజాము కడ బకింగుహాము కాలువను కలసికొని మద్రాసు చేరెడిది.

గాలి అనుకూలించినపుడు తెఱచాప యెత్తుదురు. గాలి లేనపుడు గట్టుపై నడచుచు త్రాటితో పడవను లాగుదురు. అడుగు తగులుచోట గెడ వేయుదురు. ధాన్యము, ఉప్పు, కట్టెలు, పొగాకు మోయు పడవలు ప్రయాణమునకు దినములకు దినములు పట్టుటచే, పడవవాండ్రు అందే వండుకొని, అందే పండుకొనవలసినదే.

వారికి రేవులు లాకులు. ఎగువ కాలువకును దిగువ కాలువకును నీటిమట్టము వేఱగుటచే, నడుమ రెండు తలుపుల గది కట్టి, పడవను లోనికి రప్పించి, తలుపులు మూసి, నీరు నింపియో వదలియో దానిని ఎత్తుదురు లేదా దింపుదురు. తన వంతు వచ్చువఱకు పడవ అచ్చట నిలువవలెను. ఆ నిలుకడయే ఊరివారికిని నీటివారికిని పరిచయము. చెల్లింపవలసిన సుంకమింతయని యందరికిని తెలియును, వంతు తప్పింపరు, పొమ్మనరు. మోటుపల్లి ధర్మము లాకులకడ కొంతవఱకు నిలిచినదనవచ్చును.

1899లో బెజవాడ మద్రాసులకు రైలుమార్గము కలిసెను. 1900లో రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన తెఱవబడెను. పిమ్మట లారీలు వచ్చెను. కాలువలు పూడి, లాకులు తుప్పుపట్టి, పడవలు గట్టెక్కెను. 2008లో భారత ప్రభుత్వము ఈ దారినే నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. అప్పటి లెక్క ప్రకారము కాకినాడ పుదుచ్చేరి కాలువ 767 కిలోమీటర్లు, భద్రాచలము రాజమహేంద్రవరముల నడుమ గోదావరి 171, వజీరాబాదు విజయవాడల నడుమ కృష్ణ 157, మొత్తము 1,095 కిలోమీటర్లు. సరకుల పడవలకు రేవులు కట్టవలెనని పథకములు వేయుదురు. ఆ రేవులయందు పడవవారి యాడువారికి స్నానపుగది యుండవలెనని తలచువారు అరుదు.

ఇప్పుడు గోదావరి పడవ యనిన మనకు పాపికొండల విహారమే జ్ఞప్తికి వచ్చును. 1973లో వచ్చిన అందాల రాముడు, 2006లో వచ్చిన గోదావరి అను చలనచిత్రములు ఆ ప్రయాణపు సొగసును ఇంటింట చూపినవి. 15 సెప్టెంబరు 2019న కచ్చులూరు కడ 77 మందితో పోవు విహారపు పడవ మునిగి, 26 మందిమాత్రమే బ్రతికి బయటపడుటతో ఆ సొగసు వెనుకనున్న ప్రమాదమును చూచితిమి. అయినను విహారము చేయువారు సాయంకాలమునకో, మఱునాటికో దిగి పోవుదురు. దిగుటకు వేఱిల్లు లేనివారి మాట వేఱు.

గోదావరి ముఖమున

అట్టివారు మన తెలుగుదేశముననే కలరు. గోదావరి సముద్రమును కలియుచోట, కాకినాడ, కోరంగి, భైరవపాలెము, బలుసుతిప్ప ప్రాంతముల ఉప్పుటేఱులయందు, మడయడవుల నడుమ, కుటుంబముతో గూడ పడవలోనే కాపురముండి రొయ్యలు, చేపలు పట్టి జీవించు మత్స్యకారులు తరతరములుగా నున్నారు. వారి పడవ చెప్పు ఆకారమున నుండుటచే దానిని షూ దోనీ యనిరి. వలలు వేయుటకు తెఱపి భాగము. ఎండకు, వానకు తల దాచుకొనుటకు కప్పుగల భాగము. ఆ చిన్న చోటే వంటయిల్లు, పడకటిల్లు, పురిటిల్లు.

సోదరీమణులారా, ఆ యిల్లాలి దినచర్యను ఒక్కమాఱు తలచుకొనుడు. చుట్టును నీరే గాని త్రాగ చుక్క లేదు. ఆటుపోటుల నీరు ఉప్పన. మంచినీటి బిందెకు ఒడ్డు చేరవలెను. పొయ్యికి కట్టెలు, కుండలోకి బియ్యము, పట్టిన రొయ్యలకు కొనువాడు, జ్వరమునకు మందు, ఇవియన్నియు ఒడ్డుననే. నడక నేర్చు బిడ్డను కంటిరెప్ప వేయక కాచుకొనవలెను. ఆడువారికి స్నానమునకు చాటు లేదు. కాలకృత్యములకు చీకటి పడువఱకు వేచియుండవలెను. మనము నీళ్ళకుళాయి రెండు దినములు రాకున్న యింటిల్లిపాదిని విసుగుకొందుము.

ఇక తుఫానులు. కోరంగి యొకప్పుడు ఓడలు కట్టు పేరుపొందిన రేవు. అచ్చటనుండి బర్మాకు తరలిపోయిన తెలుగువారి నందఱిని రంగూనులో కోరంగీలని పిలిచెడివారు. 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలు ఆ రేవును రూపుమాపినవి. 6 నవంబరు 1996న కాకినాడ ప్రాంతమున తీరము దాటిన తుఫాను వేయిమందికి పైగా ప్రాణములు గొనినది. భైరవపాలెము, బలుసుతిప్ప పల్లెలు ఏఱులమీదికి, సముద్రము మీదికి పోయిన పెక్కుమందిని పోగొట్టుకొనినవి. గట్టునున్నవానికి దండోరా వినబడును. మడయడవిలో లంగరు వేసిన పడవకు వార్త చేరుట యాలస్యము. చేరినను ఏ రేవునకు పోవలెను, అచ్చట పడవను కట్టనిత్తురా, వలలను కాపాడుదురా యను సందేహము. పడవయే యిల్లు, పడవయే జీవనాధారమైనవాడు దానిని విడచి తుఫాను భవనమునకు రాడు. పడవకు గూడ చోటు చూపిననే వాని భార్యాబిడ్డలు గట్టెక్కుదురు. రేవు అభయమిచ్చుట యనగా అక్షరాల ప్రాణదానమే యని దీనివలన తెలియగలదు.

ఇతర సీమల రేవులు

కాశ్మీరమున శ్రీనగరపు దాల్ సరస్సుపై హాంజీలను పడవజాతివారు తరతరములుగా డూంగాలను పడవలలో నివసించుచుండిరి. పరదేశీయులు భూమిని కొనరాదని ఆ సంస్థానమున నియమముండుటచే, 19వ శతాబ్దాంతమున ఆంగ్లేయులు దేవదారు చెక్కతో గృహనౌకలు కట్టించుకొని సరస్సుపై వేసవి గడపిరి. భూమి యీయని చోట నీరు చోటిచ్చినది. అయితే సరస్సు మలినమగుటకు గృహనౌకల మురుగు నొక కారణమను మాట వచ్చి, కొత్త నౌకలకు ఆటంకములేర్పడినవి. కేరళమున మేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన కెట్టువళ్ళములు పూర్వము ధాన్యము మోసెడివి. 1990 తరువాత అవి విహారగృహములుగా మాఱినవి.

ఇంగ్లండునందలి కాలువలపై ఏడడుగుల వెడల్పు మాత్రమే గల సన్నని పడవలలో వేలకొలది జనులు కాపురముండుచున్నారు. 1995 నాటి చట్టము ప్రకారము స్వంతముగా నొక రేవుస్థానము లేని పడవ ఏ చోటను 14 దినములకు మించి నిలువరాదు, కదలి పోవుచుండవలెను. 2012 నుండి ఆ కాలువలను నడపుచున్నది ఒక ధర్మసంస్థ. బిడ్డను బడికి పంపు తల్లికి 14 దినముల కొకమాఱు ఊరు మాఱుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. ఆమ్స్టర్డాము నగరమున రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట ఇండ్ల కొఱత కలిగి జనులు పాత సరకుపడవలలోనికి మాఱిరి. నేడచ్చట సుమారు 2,500 గృహనౌకలు కలవు. నగరమువారు వానిని వెడలగొట్టక, వానికి స్థానములు నిర్ణయించి, మురుగుగొట్టములకు కలిపి, వీథిలోని యిండ్లతో సమానముగా చేసినారు.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు నీటిపై అధికారము 1965లో నేర్పడిన యొక రాష్ట్ర సంఘముది. దాని నియమము ప్రకారము ఒక మెరీనాలో, అనగా పడవలు నిలుపు ప్రత్యేకపు రేవులో, నున్న స్థానములలో నూటికి పదికి మించి కాపురపు పడవలుండరాదు. ఆ నీరు ప్రజలందఱి సొత్తు గావున దానిని కొందరు ఇండ్లస్థలముగా చేసికొనరాదని వారి వాదము. రాత్రివేళ కొందరు పడవలపై మేలుకొనియుండిన రేవునకు కాపు గలుగునని పదింటికి సమ్మతించిరి. అట్లు సమ్మతించిన రేవునందు మరుగుదొడ్లు, స్నానపుగదులు, చెత్త వేయు ఏర్పాటు, పడవలోని మలినమును తోడు యంత్రము ఉండితీరవలెను. నూటికి పదియే గనుక వంతు వచ్చుటకు చాలకాలము వేచియుండవలసివచ్చును. మా బిడ్డకు రేవు దొరకకపోవుటకు కారణమిదియే.

రేవులవారు ఒప్పుకొనకపోవుటయందు అన్యాయమే యున్నదని నేననను. మలినమును నీటిలో వదలువారు కొందరు కలరు. బాకీ పెట్టి, పాడుపడవను అచ్చటనే వదలి పోవువారును కలరు. మునిగిన పడవను తీయించు ఖర్చు రేవువారిపై బడును. ఒకరు చేసిన తప్పునకు పదిమందికి తలుపు మూయుట లోకములో పరిపాటి. కావున అడుగువారు శుచిగా, బాధ్యతగా నుండుట మొదటి ధర్మము. నిబంధనను వ్రాసి అందఱికొకటే రీతిగా నడపుట రేవువారి ధర్మము.

రేవు వెదకువారు అడుగవలసినవి

నా సమాధానమున ఆ బిడ్డకు మొదట వ్రాసిన మాట యిది: పడవ కొనిన పిమ్మట రేవు వెదకరాదు, రేవు దొరకిన పిమ్మట పడవ కొనవలెను. బావి లేని చోట ఇల్లు కట్టువారుందురా? పడవ పొడవును బట్టి స్థానమును, రుసుమును నిర్ణయించుట రేవుల యాచారము. కొన్ని రేవులు పాతబడిన పడవలను రానీయవు. పరీక్షకుడు పడవను చూచి వ్రాసియిచ్చిన పత్రమును, భీమా పత్రమును చూపుమని తఱచుగా నడుగుదురు. ఇవి తెలియక కొనిన పడవ మెడకు కట్టుకొనిన రాయి యగును.

రెండవది, పడవను కట్టుకొనుటకు అనుమతి వేఱు, అందు కాపురముండుటకు అనుమతి వేఱు. “వారమునకు రెండు మూడు రాత్రులుండిన ఎవ్వరును అడుగరు” అని నోటిమాటగా చెప్పువారుందురు. అట్టి మాటపై కాపురము నిలుపరాదు. దొంగచాటుగా నుండువారికి రాత్రి దీపము వెలిగించుటకు భయము, బిడ్డ యేడ్చిన భయము. కాపురమునకు సమ్మతి యని పత్రమున వ్రాయించుకొనవలెను. స్థానపు రుసుము, కాపురమునకు పైన చెల్లింపవలసినది, విద్యుత్తునకు, నీటికి వేఱుగా నిచ్చునది, ఇవియన్నియు లెక్క వేసి, అప్పుడు ఇంటియద్దెతో పోల్చవలెను. పడవ అడుగును గోకి రంగు వేయించుట మొదలగు ఖర్చులను మఱవరాదు. పోల్చి చూచిన పిమ్మట లాభము తక్కువగా కనబడవచ్చును.

మూడవది, పురుషులు సామాన్యముగా అడుగనివి మనము అడుగవలెను. మరుగుదొడ్లు, స్నానపుగదులు పడవకెంత దూరము? రాత్రి ఆ దారిలో దీపములు కలవా? బట్టలుతుకుటకు, ఆరవేయుటకు చోటెక్కడ? మలినమును తోడు యంత్రము పనిచేయుచున్నదా, చెడియున్నదా? అమెరికాలో తీరమునకు మూడు సముద్రపు మైళ్ళలోపల శుద్ధిచేయని మలినమును నీటిలో వదలుట చట్టవిరుద్ధము. కావున ఆ యంత్రము చెడినచో ఇల్లాలి దినము చెడినట్లే. ఉత్తరములు ఏ చిరునామాకు వచ్చును? ఆ చిరునామాను బడివారు అంగీకరింతురా?

నాలుగవది, గాలివాన వచ్చినపుడు ఏమి యని యడుగవలెను. అలలను ఆపు గట్టు ఏ దిక్కున నున్నది, పటాళములు లేని రాత్రి త్రాళ్ళను చూచువారెవరు, ఏ స్థితిలో పడవను విడచి గట్టెక్కుమందురు, అప్పుడెచ్చటికి పోవలెను, ఇవి ముందుగనే తెలిసియుండవలెను.

అయిదవది వంటను గూర్చి. వంటవాయువు గాలికంటె బరువైనది. ఇంటిలో తలుపు తెఱచిన పోవును. పడవలో క్రిందికి దిగి అడుగున నిలిచి, ఒక నిప్పురవ్వకు ప్రేలును. సీసాను పైభాగమున, బయటికి గాలి పోవు పెట్టెలో నుంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించి నిద్రపోరాదు. వాసన లేని విషవాయువు ప్రాణము తీయును. బిడ్డలు పడవపైకి వచ్చినపుడెల్ల తేలుచొక్కా తొడిగియుండవలెను. అంచుల వెంబడి వల కట్టవలెను.

కడపటిది, ఆ రేవునందు కాపురమున్న యిల్లాండ్రతో మాటాడవలెను. పగలొకమాఱు, రాత్రి యొకమాఱు పోయి చూడవలెను. రేవు స్వభావము కార్యాలయమున తెలియదు; నీళ్ళు పట్టుకొనుచోట తెలియును. ఇవియన్నియు సమకూడినచో అత్తగారికి నిర్భయముగా వ్రాయవచ్చును. సమకూడనిచో చిన్నదైనను నేలమీది గదియే మేలు.

మన కర్తవ్యము

అమెరికాలో అద్దెకు వెఱచి పడవ నెక్కువానికి ఎన్నుకొనుటకు మార్గములు కలవు. గోదావరి ముఖమున నున్న మన సోదరికి అవి లేవు. ఆమెకు కావలసిన రేవు మిక్కిలి సులభమైనది: ఒక మంచినీటి కుళాయి, ఆడువారికి చాటుగల రెండు గదులు, దీపము, పడవలు కట్టుకొనుటకు గట్టి గుంజలు, తుఫాను వేళ పడవతో గూడ దూరుటకు లోపలి ఏఱులో చోటు, అచ్చట నిలుచుటకు హక్కు కలదని వ్రాసిన కాగితము. 1978 నుండి కోరంగి మడయడవి అభయారణ్యము. పక్షులకు, నీటిపిల్లులకు అచ్చట అభయము లభించినది. అది చాల మంచిది. మనుష్యులకును ఆ ప్రక్కనే అభయము దొరకవలెను.

చట్టము కొంత తోడ్పడుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డను వయస్సు పత్రము లేదను కారణముచే బడి నిరాకరింపరాదు. మా ప్రాంతమున ఇటుకబట్టీలకు వలసవచ్చినవారి పిల్లలు సంవత్సరము నడుమ బడికి వచ్చుచుందురు. పత్రములు తరువాత చూతము, ముందు పలక యిండని మా యింటివారు చెప్పుచుందురు. పడవ బిడ్డలకును అదే న్యాయము. వలసకాలమున తలిదండ్రులు దూరము పోయినపుడు పిల్లలకొఱకు నడపు తాత్కాలిక వసతిగృహములు వారికి మిక్కిలి యుపయోగపడును. ఇల్లు లేనివానికి వోటు లేదనుటయు సరికాదు. ఎన్నికల సంఘము నియమము ప్రకారము అధికారి రాత్రివేళ పోయి, అతడచ్చటనే నిద్రించుచున్నాడని కన్నులార చూచి, పేరు చేర్చవచ్చును. వీథిప్రక్క పండుకొనువానికి చెల్లు నియమము రేవున పండుకొనువానికి ఏల చెల్లరాదు? అయితే ఈ సంగతులు వారికి చెప్పువారుండవలెను. తీరపు ఊళ్ళలో నున్న మన మహిళాసంఘములకు, ఉపాధ్యాయుల కుటుంబములకు ఇంతకంటె తగిన పని యేమున్నది?

ఇక మనలో ప్రతియొకరును చేయగలది యొకటి కలదు. కాకినాడకో, యానాముకో, అంతర్వేదికో పోయినపుడు రేవున పడవపై వండుకొనుచున్న స్త్రీని చూచి, వేడుక వస్తువును చూచినట్లు చూచి పోరాదు. ఆమెయు గృహిణియే. నీళ్ళు కావలెనా యని యడుగవచ్చును. బిడ్డ బడికి పోవుచున్నాడా యని యడుగవచ్చును. ఆ ఊరి పెద్దలతో ఒక మాట చెప్పవచ్చును. ఏడువందల సంవత్సరములకు పైబడిన వెనుక ఓరుగంటి రాజు పరదేశపు వర్తకులకిచ్చిన అభయమును, మన యేటిపై పుట్టిన మన యాడుపడుచునకు మనము ఈయలేమా? నీళ్ళకుళాయియు, గుంజయు, ఒక కాగితమును ఎంతటి ఖర్చు గనుక!